ఇల్లు కదలకుండా ఉద్యోగం

"పల్నాడు బిడ్డలు ఇక ఉద్యోగం కోసం గడప దాటనక్కర్లేదు" అని మంత్రి ధనుంజయరావు గారు ఏప్రిల్‌లో ఒక మంగళవారం నరసరావుపేట గెస్ట్ హౌస్‌లో విలేకరుల ముందు ప్రకటించారు. వైద్యరంగంలో ఉద్యోగాల కోసం వర్చువల్ కెరీర్ మేళా పెడుతున్నామనీ, నర్సింగు, ల్యాబు, ఫార్మసీ చదివిన పిల్లలు ఎవరింట్లో వాళ్లు కూర్చుని ఫోన్లోనే హైదరాబాదు ఆసుపత్రులకు ఇంటర్వ్యూ ఇస్తారనీ, ఫోన్లోనే ఆర్డరు అందుకుంటారనీ చెప్పారు. దీనికి 'ఇల్లు కదలకుండా ఉద్యోగం' అని తానే స్వయంగా పేరు పెట్టారట. పేరుకి ఎంతసేపు పట్టిందని ఒక విలేకరి అడిగితే రెండు రోజులు పట్టిందన్నారు. అంత శ్రద్ధ ఉన్న నాయకుడు దొరకడం మన అదృష్టం కాక మరేమిటి?

నా పేరు పుల్లారావు. వినుకొండ రోడ్డులో టెంట్ హౌస్ నడుపుతున్నాను. షామియానాలు, కుర్చీలు, మైకు సెట్టు, జనరేటరు అన్నీ ఉంటాయి. పదహారేళ్లుగా మంత్రిగారి ప్రతి సభకీ కుర్చీలు వేసింది నేనే. ఈ పదహారేళ్లలో ఆయన నా మొహం ఒక్కసారి కూడా చూడలేదు. పెద్దవాళ్ల చూపెప్పుడూ దూరంగా ఉంటుంది. నేనేమో ఎప్పుడూ పక్కనే ఉంటాను. అందులో ఆయన తప్పేమీ లేదు.

అంతా ఫోన్లోనే అంటే ఈసారి నాకు పని లేనట్టే అనుకున్నాను. ఆ మధ్యాహ్నమే మంత్రిగారి పి.ఏ. ఉపేంద్ర షాపు ముందు కారు దిగాడు.

"శనివారానికి మూడు వేల కుర్చీలు కావాల పుల్లారావూ."

"వర్చువల్ అన్నారు గదండీ?"

"అవును, వర్చువలే."

"అంటే ఏందండీ?"

"ఎవరూ రారన్నమాట."

"మరి కుర్చీలు?"

ఉపేంద్ర నా వంక జాలిగా చూశాడు. "ఎవరూ రాలేదని పేపర్లో పడితే బాధ్యత ఎవరిది? నీదా?"

నాది కాదని ఒప్పుకున్నాను. అప్పుడు విడమరిచి చెప్పాడు. మంత్రిగారికి ఎదురుగా జనం లేకపోతే మాట పెగలదట. కాబట్టి ఇల్లు కదలనక్కర్లేదన్న సంగతి పిల్లలకు ఎదురుగా చెప్పడానికి పిల్లల్ని ఇక్కడికి తీసుకురావాలి. మాచర్ల, గురజాల, నూజెండ్ల, రొంపిచెర్ల, నాదెండ్ల, అన్ని వైపుల నుంచీ నలభై రెండు బస్సులు మాట్లాడారు. ఇంత దూరం ఆలోచించే బుర్ర మనకెక్కడిది అనుకుంటూ కుర్చీలు లెక్కబెట్టుకోవడం మొదలుపెట్టాను.

ఇందులో మా నజీమా సంగతి చెప్పాలి. నా జనరేటర్లు చూసే మెకానిక్ జమీర్ కూతురు. జి.ఎన్.ఎం. నర్సింగు చివరి ఏడు, పరీక్షలు అయిపోయాయి, కాలేజీ ప్రాక్టికల్స్ మార్కులు పంపడమే మిగిలింది. వాళ్లిల్లు జమీర్ షెడ్డు పైనే, పగలంతా ఇంజన్ల మోత. అందుకని నెల రోజులుగా సాయంత్రం పూట నా గోడౌన్‌కి వచ్చి, పేర్చిన కుర్చీల ముందు నిలబడి ఇంటర్వ్యూ ప్రాక్టీసు చేస్తోంది. పేషెంటు కళ్లు తిరిగి పడిపోతే ఏం చేస్తావు అని తనే అడుగుతుంది. ముందు చుట్టూ మూగిన జనాన్ని పంపిస్తాను, పేరు పెట్టి పిలుస్తాను, మెడ దగ్గర బిగుతుగా ఉన్నవి తీసేస్తాను, ఊపిరి చూస్తాను, నాడి చూస్తాను అని తనే చెబుతుంది. వినీ వినీ నాకూ కంఠతా వచ్చేసింది.

హైదరాబాదులో ఒక పెద్ద ఆసుపత్రి ఐ.సి.యు.లో పనికి ఈ మేళా నుంచి ఒక్కరిని తీసుకుంటానంది. నజీమాకి స్లాటు కూడా ఇచ్చింది. శనివారం పదకొండు నలభైకి, పదిహేను నిమిషాలు. అది పోతే మళ్లీ ఏడాది దాకా లేదు. ఈలోగా జమీర్ తనకు తెలిసిన డాక్టరు దగ్గర ఓ.పి. చీటీలు రాసే పని కుదిర్చి, మాట కూడా ఇచ్చేశాడు. మూడేళ్లు చదివింది చీటీలు రాయడానికి కాదని ఆ పిల్ల, చేతిలో పని వదులుకుని ఫోన్లో ఉద్యోగాన్ని నమ్ముకుంటావా అని తండ్రి. ఇద్దరూ నాలుగు రోజులుగా నా ద్వారానే మాట్లాడుకుంటున్నారు.

ఇంటర్వ్యూ నా గోడౌన్ నుంచే ఇవ్వాలని అనుకున్నాం. కుర్చీలన్నీ మేళాకు పోతే ఆ రోజు గోడౌన్‌లో సూది పడినా వినపడుతుంది. అంతలో శుక్రవారం సాయంత్రం నజీమా నీరసంగా వచ్చింది.

"బాబాయ్, ఇంట్లో కూర్చుని మేళాకి పోతే ఆబ్సెంటు వేస్తారంట."

వాళ్ల ప్రిన్సిపాల్ రత్నకుమారి గారు ఖరాఖండీగా చెప్పేశారట. ఆన్‌లైన్‌లో హాజరైనట్టు రుజువు కావాలంటే మనిషి ఎదురుగా కనపడాలి, బస్సెక్కని వాళ్లకు ప్రాక్టికల్స్ మార్కులు ఉండవు అని. నజీమా ఇల్లు మేళా స్థలానికి మూడు కిలోమీటర్లు. అయినా నిబంధన ప్రకారం ముందు కాలేజీకి పోయి, అక్కడ బస్సెక్కి, వెనక్కి రావాలి.

శనివారం పొద్దున్నే వినుకొండ రోడ్డు పక్క ఖాళీ స్థలంలో షామియానా లేపాం. కోటప్పకొండ తిరునాళ్లలో కూడా అంత గుడ్డ వాడలేదు. ఈ మేళాలో స్టాళ్లు ఫోన్లోనే ఉంటాయి, ఆసుపత్రి బొమ్మ మీద నొక్కితే లోపలికి పోవచ్చు. కానీ ఫోన్లో ఉన్న స్టాలుకి రిబ్బను కట్టడం ఎట్లా? అందుకని ఉపేంద్ర అయిదు నిజం స్టాళ్లు వేయించాడు. ఒక్కో దాంట్లో టేబులు, టేబులు మీద లాప్‌టాప్, లాప్‌టాప్‌లో ఆ ఆసుపత్రి ఆఫీసరు మొహం.

ఇళ్లలో ఉన్నవాళ్లకు కూడా మంత్రిగారి సందేశం అందాలని చుట్టుపక్కల వీధుల్లో పద్నాలుగు మైకు హారన్లు కట్టాను. వెనక వీధిలో బూడిదరంగు గేటున్న ఇంటి ముందు స్తంభానికి కడుతుంటే, మెడలో హెడ్‌ఫోన్స్ వేసుకున్న ఒకావిడ బయటికొచ్చింది. పది నుంచి తనకు ఆన్‌లైన్ పని ఉందని, దాన్ని కాస్త అవతల కట్టుకోమని మర్యాదగానే అడిగింది.

"మేమూ ఆన్‌లైన్ పనికే కడుతున్నామమ్మా" అన్నాను. ఆవిడ లోపలికి పోయి కిటికీలు మూసుకుంది.

పది గంటలకు బస్సులు దిగాయి. మూడు వేల మంది కూర్చున్నారు. ఎండ నలభై మూడు. అందరూ ఒక్కసారిగా ఫోన్లు తీసి మేళాలోకి వెళ్లబోయేసరికి పక్కనున్న టవరు చేతులెత్తేసింది. ప్రతి ఫోన్లోనూ ఒక చక్రం గిర్రున తిరుగుతూ కూర్చుంది. పిల్లలు దాన్ని చూస్తున్నారు. మాచర్ల నుంచి వచ్చిన కాలేజీ వాళ్లు తమ ఇళ్ల దగ్గర సిగ్నలు బ్రహ్మాండంగా ఉంటుందని చెప్పుకుంటున్నారు.

పదకొండింటికి పులిహోర పొట్లాలు పంచారు. ఉపేంద్ర ఏర్పాటు చూసి తీరాలి. పొట్లం తీసుకునే ప్రతివాళ్లూ రిజిస్టర్లో పేరు, ఊరు రాసి సంతకం పెట్టాలి. రిజిస్టరు పైన శీర్షిక ఉండాల్సిన చోట ఖాళీగా ఉంది. ఏం రాయాలో తర్వాత చెప్తారులే అన్నాడు పంచేవాడు. నేను ఎడం చేత్తో పొట్లం పట్టుకుని కుడి చేత్తో సంతకం చేశాను. నూనె కారి పేజీ మూల పసుపు మరక పడింది. జమీర్ రెండు పొట్లాలు తీసుకుని రెండుచోట్లా తన పేరే రాసి సంతకాలు పెట్టాడు, ఒకటి కూతురి కోసం. నజీమా అప్పటికి ఫోను నెత్తిన పెట్టుకుని సిగ్నలు కోసం షామియానా నాలుగు మూలలా తిరుగుతోంది. పొట్లం వద్దంది. చివరికి జమీరే రెండూ తిన్నాడు.

పదకొండు పదికి మంత్రిగారు వచ్చారు. గేటు మూసేశారు. ఆయన వెళ్లేదాకా లోపలివాళ్లు లోపలే, బయటివాళ్లు బయటే అని పోలీసులు చెప్పారు. రిబ్బన్లు కత్తిరించడం పావుగంటలో అయిపోయింది. ఆ తర్వాత ఆసుపత్రుల ఆఫీసర్లు మాట్లాడాలి. మొదటి లాప్‌టాప్‌లో ఒకాయన గొంతు సవరించుకుని నమస్కారం అనగానే ఉపేంద్ర ఆపాడు. సన్మానం చెయ్యకుండా అతిథి చేత మాట్లాడించడం మన జిల్లా సంప్రదాయం కాదన్నాడు. శాలువాలు వచ్చాయి. దండలు వచ్చాయి.

మంత్రిగారు ఎంతో ఆప్యాయంగా ఒక్కో లాప్‌టాప్‌కీ శాలువా కప్పారు. దాని మీద బంతిపూల దండ వేశారు. జనం చప్పట్లు కొట్టారు. శాలువా కింద నుంచి సన్నగా గొంతులు వినపడ్డాయి. కెమెరా ఏమైంది, ఏమీ కనపడటం లేదు, మా దగ్గర కరెంటు ఉంది, మీ దగ్గర పోయిందా అని. సన్మానగ్రహీతలు ఉప్పొంగిపోయి మాట్లాడుతున్నారని ఉపేంద్ర మైకులో చెప్పాడు. పెద్దమనిషికి కప్పిన శాలువా సభ కాకముందే తీస్తే అవమానం కాబట్టి ఎవరూ తీయలేదు. ఆ ఎండకి, ఆ ఉన్నికి, పది నిమిషాల్లో ఒక్కో లాప్‌టాపూ వేడెక్కి ఆరిపోయింది.

పదకొండు ముప్ఫై ఆరుకి నజీమా నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. నేను స్టేజీ పక్కన మైకు మిక్సర్ ముందు కూర్చుని ఉన్నాను. అప్పుడే మంత్రిగారు మైకు అందుకున్నారు. ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

"బాబాయ్, నాలుగు నిమిషాలుంది. గేటు తీయమంటే తీయట్లేదు. ఏదోటి చేయండి బాబాయ్."

నెల రోజులు నా కుర్చీలకు జవాబులు చెప్పిన పిల్ల. స్టాళ్లలో లాప్‌టాప్‌లకీ, మంత్రిగారి మొహాన్ని పెద్ద తెర మీద చూపడానికీ పక్క ఫంక్షన్ హాలు నుంచి వైరు లాగి ఒక వైఫై పెట్టాం. దాని పాస్‌వర్డు ఉపేంద్రకీ నాకూ తప్ప తెలియదు. ఎవరికీ చెప్పనని అతనికి మాటిచ్చాను. నజీమాకి చెప్పేశాను. ఆ పిల్ల స్టేజీ కిందికి దూరి, కర్రల మధ్య కూర్చుని లింకు నొక్కింది. ఫోన్లో ఒక మొహం వచ్చింది. అదే క్షణాన పెద్ద తెర మీద మంత్రిగారి బొమ్మ నోరు తెరిచి ఆగిపోయింది. మాట నడుస్తూనే ఉంది కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

నేను కూడా తలవంచి చూశాను. ఫోన్లో ఆవిడ చెవి మీద చెయ్యి పెట్టుకుని, తన పేరు నీరజ అనీ, ఆసుపత్రిలో నియామకాలు చూస్తాననీ చెప్పింది. నెత్తిమీద మంత్రిగారు ఆరోగ్యమే మహాభాగ్యం గురించి చెబుతున్నారు. నజీమా చెప్పేది ఆవిడకు, ఆవిడ చెప్పేది నజీమాకు ముక్క వినపడటం లేదు.

"మేడం, మీ దగ్గర కూడా మంత్రిగారు వినపడతన్నారు" అంది నజీమా గట్టిగా.

"మా ఇంటి ముందు ఎవరో మైకు కట్టి పోయారమ్మా. పొద్దుటి నుంచి ఒక్క ఇంటర్వ్యూ కూడా సాగలేదు."

"ఏ ఊరు మేడం మీది?"

"ఆఫీసు హైదరాబాదు. నేను ఇంటి నుంచే చేస్తా. నరసరావుపేట."

అప్పుడు ఆవిడ మెడలోని హెడ్‌ఫోన్స్ గుర్తుపట్టాను. బూడిదరంగు గేటు గుర్తొచ్చింది. నేనన్న మాట కూడా గుర్తొచ్చింది, అది గుర్తు రాకపోతే బాగుండేది.

"నజీమా, ఆ ఇల్లు నాకు తెలుసు. ఈ వెనకే" అన్నాను.

గేటు దగ్గర నలుగురు కానిస్టేబుళ్లు ఉన్నారు. మిగతా మూడు వైపులా ఉన్నది నా గుడ్డే. జనరేటరు పక్కన రెండు తాళ్లు విప్పి పరదా ఎత్తాను. జమీర్ అక్కడే ఉన్నాడు. పరదా అంచు తనే పట్టుకుని, "తల వంచు, మేకులున్నాయి" అన్నాడు. నాలుగు రోజుల తర్వాత తండ్రి కూతురితో నేరుగా అన్న మాట అది.

వీధిలోకి వెళ్లగానే నేను చేసిన మొదటి పని స్తంభం దగ్గర హారను వైరు పీకెయ్యడం. దేశ ఆరోగ్యానికి యువతే అన్న చోట మంత్రిగారి గొంతు ఆగిపోయింది. పక్కింటి అరుగు మీద పడుకున్న కుక్క లేచి చుట్టూ చూసి మళ్లీ పడుకుంది. నీరజ గారు గేటు తీసుకుని బయటికొచ్చి, ముందు నన్ను చూసింది. నేను స్తంభం వైపు చూశాను.

టైము పదకొండు నలభై ఎనిమిది. స్లాటులో ఏడు నిమిషాలుంది. నీరజ గారు మొహం కడుక్కోమని నజీమాకి నీళ్లిచ్చింది. అయితే ఒక చిక్కుంది. ఇంటర్వ్యూ ఫోన్లో రికార్డు కాకపోతే ఆసుపత్రి ఒప్పుకోదు. అందుకని ఆవిడ వరండాలో కుర్చీలో కూర్చుంది, నజీమా ఆరడుగుల అవతల గేటు దగ్గర నిలబడింది, ఇద్దరూ ఎవరి ఫోనులోకి వాళ్లు చూస్తూ మాట్లాడుకున్నారు. ఇంటి వైఫై అద్భుతంగా పని చేసింది. వర్చువల్ మేళా ఎంత గొప్ప ఆలోచనో నాకు అప్పుడు అర్థమైంది.

కళ్లు తిరిగి పడిపోయే పేషెంటు ప్రశ్న రాలేదు. కుర్చీల ముందు ఎన్నడూ ప్రాక్టీసు చెయ్యని ప్రశ్న వేసిందావిడ.

"ఐ.సి.యు.లో పేషెంటుకి సీరియస్‌గా ఉంది. పరామర్శకని ఒక పెద్దాయన ఇరవై మందితో, దండలతో వచ్చాడు. ఏం చేస్తావు?"

"దండలు బయట పెట్టించి, చేతులు కడిగించి, ఒక్కరినే పంపుతా మేడం."

"ఆయన మంత్రి. వినడు."

నజీమా ఫోనులోంచి తల ఎత్తి, షామియానా ఉన్న వైపు ఒకసారి చూసింది.

"వచ్చినాయన ముందు హాల్లో ఫొటోలు దిగేదాకా ఆగుతాడు మేడం. ఈలోపు వెనక తలుపు నుంచి పేషెంటుని వేరే గదికి మార్చేస్తా."

నీరజ గారు నవ్వు ఆపుకోలేక ఫోను పక్కకి తిప్పింది. రికార్డులో ఆ ముక్క పావు నిమిషం వరండాలోని పూలకుండీ మీద ఉంటుంది. ఇంకో నాలుగు ప్రశ్నలు అడిగి, సాయంత్రానికి మెయిల్ వస్తుందని చెప్పి, మమ్మల్నిద్దర్నీ లోపలికి పిలిచి మజ్జిగ ఇచ్చింది. నాకు ఇచ్చేటప్పుడు, వచ్చే మేళాకి కూడా మీరే మైకు కడతారా అని అడిగింది. నేను మజ్జిగ తాగేశాను.

సాయంత్రం ఆరింటికి మెయిల్ వచ్చింది. ఉద్యోగం నజీమాదే. సోమవారం చేరాలి. జమీర్ ఆ మెయిలును ఫోన్లో మూడుసార్లు చదివించుకుని, షెడ్డు ముందు అందరికీ టీ ఇప్పించి, డాక్టరు దగ్గర ఓ.పి. చీటీల పని వద్దని చెప్పడానికి తనే బయల్దేరాడు. నాకు ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను. మంత్రిగారి పథకం వల్ల నా కళ్ల ముందే ఒక బిడ్డకి ఉద్యోగం వచ్చింది.

ఆదివారం పేపర్లు చూశాక తెలిసింది, నేను తక్కువ అంచనా వేశానని. మేళా ద్వారా ఒక్కరోజులో మూడు వేల నూట పధ్నాలుగు మందికి ఉద్యోగాలు వచ్చాయి. ఎంపికైన వారి జాబితాను మంత్రిగారి ఆఫీసు బయట అంటించారు. నజీమా పేరు చూద్దామని జమీరూ నేనూ పోయాం. మూడు వేల నూట పధ్నాలుగు పేర్లూ రెండుసార్లు చదివాం. నజీమా లేదు.

నిజంగా ఉద్యోగం వచ్చిన పిల్ల పేరు ఎట్లా వదిలేశారని ఉపేంద్రని అడిగాను.

"రిజిస్టర్లో సంతకం లేకపోతే మేమేం చేస్తాం?" అన్నాడు ఉపేంద్ర. "రూలు రూలే పుల్లారావూ."

జమీర్ పేరు మాత్రం రెండుసార్లు ఉంది. ఒకచోట ల్యాబ్ టెక్నీషియన్, ఇంకోచోట ఫార్మసిస్టు. జిరాక్సు కాగితమే అయినా, పదిహేడో పేజీ మూల మరక నల్లగా పడింది. ఆ పక్కనే నా సంతకం. సీరియల్ నంబరు నాలుగు వందల పదిహేడు, పుల్లారావు, నరసరావుపేట, స్టాఫ్ నర్సు.

సోమవారం పొద్దున నజీమాని బస్టాండులో హైదరాబాదు బస్సెక్కించాం. జమీర్ కిటికీ కింద టైర్లు చూస్తూ నిలబడ్డాడు. బస్సు కదిలాక, టైర్లు బాగానే ఉన్నాయన్నా అన్నాడు. అక్కణ్ణించి నేను నేరుగా మళ్లీ అదే స్థలానికి పోయాను. ఎంపికైన వారికి మంత్రిగారి అభినందన సభ. మూడు వేల నూట పధ్నాలుగు కుర్చీలు. కుర్చీలు వెయ్యమంటారా, కూర్చోమంటారా అని ఉపేంద్రని అడిగితే, రెండూ చెయ్యమన్నాడు.

జాబితాలోంచి మచ్చుకి ఒకరిని స్టేజీ మీదికి పిలవాలట. నాలుగు వందల పదిహేడు పిలిచారు. మంత్రిగారు నాకు శాలువా కప్పి, పదహారేళ్లలో మొదటిసారి నా మొహం చూశారు. మైకు నా నోటి దగ్గర పెట్టి, "పేషెంటు కళ్లు తిరిగి పడిపోతే ఏం చేస్తారు?" అని అడిగారు.

ముందు చుట్టూ మూగిన జనాన్ని పంపిస్తాను, పేరు పెట్టి పిలుస్తాను, మెడ దగ్గర బిగుతుగా ఉన్నవి తీసేస్తాను, ఊపిరి చూస్తాను, నాడి చూస్తాను అని గుక్క తిప్పుకోకుండా చెప్పాను. సభ అంతా లేచి చప్పట్లు కొట్టింది. అందరికన్నా గట్టిగా ల్యాబ్ టెక్నీషియన్ జమీర్ కొట్టాడు. మంత్రిగారి కళ్లు చెమర్చాయి. నా భుజం తట్టి, ఇలాంటి ఆణిముత్యాలు ఇన్నాళ్లూ ఎక్కడ దాగి ఉన్నాయి అని జనాన్ని అడిగారు.

జవాబు చెప్పడానికి టైము లేదు. ఆయన కారెక్కగానే శాలువా నడుముకు చుట్టుకుని కిందికి దిగి, కుర్చీలు పేర్చడం మొదలుపెట్టాను.